మధ్యలో ఆగిన కుట్టు

మా ఊరి ప్రాథమికోన్నత పాఠశాలకు పడమటి వైపున ఒక మొండిగోడ ఉండేది. విరామం గంట కొట్టగానే మగపిల్లలందరమూ ఆ గోడ దగ్గరకే పరుగెత్తేవాళ్ళం. మా తరగతిలో ఒక్కడు మాత్రం ఎన్నడూ ఆ వరుసలో నిలబడలేదు. దూరంగా ఉన్న తుమ్మచెట్ల చాటుకు పోయి, కూర్చుని, అందరికన్నా చివర తరగతికి తిరిగి వచ్చేవాడు. ఆలస్యానికి పంతులుగారి చేత దెబ్బలు తినేవాడే గాని కారణం చెప్పేవాడు కాదు. పిల్లలకు దయ తక్కువ. వాడికి మేమొక ఆడపేరు పెట్టాం. ఏడవ తరగతి మధ్యలో వాడు బడి మానేసి పశువుల వెంట పోయాడు. వాడికి చదువు అబ్బలేదని పెద్దలు అనుకున్నారు.

చాలా ఏళ్ళ తరువాత శస్త్రచికిత్స చరిత్రకు సంబంధించిన ఒక గ్రంథం చదువుతుండగా ఒక పుట దగ్గర నా చేయి ఆగిపోయింది. మా మిత్రుడికి ఉన్నది అదేనని నిర్ధారించి చెప్పే అధికారం నాకు లేదు. కాని ఆ పుటలో వర్ణించిన పిల్లవాడు నిలబడి మూత్రం పోయలేడు, తోటివారి ఎదుటికి రాలేడు, తల్లికి కూడా చెప్పుకోలేడు. ఆ లోపం పేరు హైపోస్పేడియాస్. దాని చరిత్ర రెండువేల ఏళ్ళ నాటిది. అందులో మనుషుల చేతి నైపుణ్యం ఉన్నది, అహంకారం ఉన్నది, చాలా ఆలస్యంగా నేర్చుకున్న వినయమూ ఉన్నది. ఆ కథను నాకు అర్థమైనంత మేరకు ఇక్కడ చెప్పదలచుకున్నాను.

గర్భంలో జరిగే కుట్టుపని

ముందుగా లోపం స్వరూపం. మూత్రాశయం నుంచి మూత్రాన్ని వెలుపలికి తెచ్చే మార్గం మగశిశువులో శిశ్నం కొసన తెరుచుకోవాలి. కొందరు శిశువులలో ఆ ద్వారం కొసకు చేరకుండా అడుగుభాగంలో ఎక్కడో ఒకచోట తెరుచుకుంటుంది. కొందరిలో కొసకు ఒకటి రెండు మిల్లీమీటర్ల దిగువన, కొందరిలో నడిమి భాగంలో, మరికొందరిలో బీజకోశపు తిత్తి దగ్గర, అరుదుగా దానికీ వెనుక. దీనికి తోడు అవయవం కిందికి వంగి ఉండడం, ముందరి చర్మం అడుగున లేకుండా పైభాగాన మాత్రమే ముసుగులాగా పోగుపడి ఉండడం తరచుగా కనిపించే లక్షణాలు. సుమారు రెండు మూడు వందల మంది మగశిశువులలో ఒకరికి ఏదో ఒక స్థాయిలో ఈ లోపం ఉంటుందని వైద్యుల అంచనా. ఆ లెక్కన ఇది అపురూపమైన జబ్బేమీ కాదు. ప్రతి పెద్ద ఊరిలోనూ ఒకరిద్దరు ఉండి తీరాలి. మనకు తెలియకపోవడానికి కారణం వారు లేకపోవడం కాదు, చెప్పుకోకపోవడం.

ఇది ఎందుకు జరుగుతుందో తెలుసుకోవాలంటే గర్భస్థ శిశువు దగ్గరకు పోవాలి. మొదటి ఏడు వారాలు ఆడ, మగ శిశువుల బాహ్యాంగాలు ఒకే తీరుగా ఉంటాయి. మధ్యలో ఒక గాడి, దానికి ఇరువైపులా రెండు మడతలు. ఆ తరువాత మగశిశువు వృషణాలలో తయారయ్యే హార్మోను ప్రభావంతో ఆ రెండు మడతలూ దగ్గరై, వెనుకనుంచి ముందుకు, సంచి మూతిని కుట్టినట్టుగా ఒకదానికొకటి అతుక్కుంటూ పోతాయి. ప్రతి మగవాడి శరీరం మీదా ఆ కుట్టుగీత జీవితాంతం కనిపిస్తూనే ఉంటుంది. నాలుగవ నెల నాటికి ఆ పని పూర్తి కావాలి. ఏ కారణం చేతనైనా మధ్యలో ఆగిపోతే, ఎక్కడ ఆగిందో అక్కడ ద్వారం మిగిలిపోతుంది. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఆల్ఫ్రెడ్ జోస్ట్ 1947లో కుందేళ్ళ పిండాల మీద చేసిన ప్రయోగాలు ఈ విషయంలో వెలుగు చూపించాయి. పిండదశలోనే వృషణాలను తొలగిస్తే, జన్యువుల రీత్యా మగదైన కుందేలు కూడా ఆడ అంగాలతోనే ఎదుగుతుందని ఆయన నిరూపించాడు. అంటే మగ రూపం దానంతట అది రాదు, దానికి వృషణాల నుంచి హార్మోను ఆదేశం అందాలి. ఆ ఆదేశం తగ్గినా, అందుకునే కణాలు సరిగా వినకపోయినా కుట్టు ఆగుతుంది. ఇందులో గ్రహణం నీడ గాని, పూర్వజన్మ పాపం గాని, తల్లి తిన్న తిండి మీద అత్తగారు వేసే అభాండం గాని లేవు.

కోత మాత్రమే తెలిసిన కాలం

క్రీస్తుశకం రెండవ శతాబ్దికి చెందిన గ్రీకు వైద్యుడు గాలెన్ రచనలలోనే ఈ లోపం ప్రస్తావన కనిపిస్తుంది. ఇటువంటి పురుషులకు సంతానం కలగకపోవడానికి కారణం బీజంలో దోషం కాదనీ, వంపు వల్ల అది చేరవలసిన చోటికి చేరకపోవడమేననీ ఆయన గుర్తించాడు. ఆ కాలానికి అది అసామాన్యమైన వివేకం. ఎందుకంటే శరీరం ఆకారంలో ఉన్న లోపాన్ని మనిషి సారంలో ఉన్న లోపంగా చూడడం అప్పుడూ ఉన్నది, ఇప్పుడూ ఉన్నది.

రోగనిర్ణయం ఇంత సూక్ష్మంగా ఉన్నా చికిత్స మాత్రం మోటుగా ఉండేది. హీలియొడోరస్, ఆంటిల్లస్ అనే వైద్యులు, వారి తరువాత ఏడవ శతాబ్దిలో ఏజీనాకు చెందిన పాల్, సూచించిన మార్గం ఒక్కటే. ద్వారానికి ముందున్న భాగాన్ని కోసివేయడం. ద్వారాన్ని కొసకు తీసుకురాలేము కనుక కొసనే ద్వారం దగ్గరకు తీసుకురావడం అన్నమాట. మత్తుమందు లేదు, సన్నని దారం లేదు, చీము పట్టకుండా కాపాడే ఉపాయం లేదు. రక్తస్రావాన్ని ఆపడానికి వాతలు పెట్టేవారు. ఆ బల్ల మీద పడుకున్నవారి మాట మాత్రం ఏ గ్రంథంలోనూ లేదు.

మన సుశ్రుత సంహితలో హైపోస్పేడియాస్‌కు శస్త్రచికిత్స చెప్పలేదు గాని, దాని పొరుగున ఉన్న మరొక బాధకు చక్కని చికిత్స ఉన్నది. ముందరి చర్మం బిగిసిపోయి మూత్రం సన్నని ధారగా మాత్రమే వచ్చే స్థితిని సుశ్రుతుడు నిరుద్ధప్రకశం అన్నాడు. ఇరువైపులా తెరచి ఉన్న లోహపు గొట్టాన్ని గాని కొయ్య గొట్టాన్ని గాని నేతిలో తడిపి ప్రవేశపెట్టాలనీ, మూడేసి రోజులకొకసారి ఇంకొంచెం లావైన గొట్టాన్ని వాడుతూ ద్వారాన్ని క్రమంగా వెడల్పు చేయాలనీ చెప్పాడు. కోయడానికి ముందు ఓర్పుతో ప్రయత్నించు అన్న బుద్ధి అందులో ఉన్నది. ఈ కథ చివరికి మళ్ళీ ఆ బుద్ధి దగ్గరకే చేరుతుంది.

ఒక రాజుగారి రహస్యం

ఈ లోపం సామాన్యుల ఇళ్ళలో ఉంటే చీకట్లోనే ఉండిపోతుంది. రాజుగారికి ఉంటే చరిత్రకెక్కుతుంది. 1533లో ఫ్రాన్సు రాకుమారుడు హెన్రీకి, ఇటలీకి చెందిన కేథరీన్ ద మెదీచికి పెళ్ళయింది. ఇద్దరికీ వయసు పద్నాలుగేళ్ళు. పదేళ్ళు గడిచినా సంతానం లేదు. 1538లో హెన్రీకి మరొక స్త్రీ వల్ల కూతురు పుట్టడంతో దోషమంతా కేథరీన్ నెత్తిన పడింది. ఆమెను వదిలివేయాలన్న మాట ఆస్థానంలో బహిరంగంగానే నడిచింది. ఆమె తొక్కని గడప లేదు, మింగని కషాయం లేదు. హెన్రీకి హైపోస్పేడియాస్ ఉండేదని నేటి వైద్యచరిత్రకారులు కొందరు ఆనాటి వ్రాతలను బట్టి భావిస్తున్నారు. ఆస్థాన వైద్యుడు జాన్ ఫెర్నెల్ దంపతులిద్దరినీ పరీక్షించి సలహా ఇచ్చాడని ప్రతీతి. ఆ సలహా ఏమైతేనేం, 1544లో మొదటి కుమారుడు పుట్టాడు. ఆ తరువాత పన్నెండేళ్ళలో మొత్తం పదిమంది పిల్లలు కలిగారు. వారిలో ముగ్గురు ఫ్రాన్సును ఏలారు.

ఈ కథలో నన్ను ఆపినది రాజుగారి లోపం కాదు. పదేళ్ళపాటు ఆ లోపం భారాన్ని మోసినది భార్య కావడం. కొడుకు దేహంలో ఉన్న చిన్న తేడా ఇంటికి వచ్చిన కోడలి గొడ్రాలితనంగా మారడానికి ఫ్రెంచి ఆస్థానమే అక్కరలేదు. మన పల్లెలలో ఆ కథ ఇంకా చౌకగా దొరుకుతుంది.

ముక్కు నుంచి నేర్చిన పాఠం

లేనిచోట కొత్తగా ఒక మార్గాన్ని నిర్మించడానికి కావలసిన ఆలోచన ఒకటుంది. శరీరంలో ఒకచోటి చర్మాన్ని రక్తప్రసరణ తెగకుండా మరొకచోటికి మళ్ళించడం. ఈ విద్య మన దేశంలో తెగిన ముక్కులను అతికేవారికి అనాదిగా తెలుసు. టిప్పు సుల్తాను సైనికులకు చిక్కి ముక్కు పోగొట్టుకున్న కావస్జీ అనే బండివాడికి పుణె ప్రాంతంలో నుదుటి చర్మంతో ముక్కు కట్టిన ఉదంతం 1794లో లండన్ పత్రికలో అచ్చయింది. అది చదివిన జోసెఫ్ కార్ప్యూ అనే ఆంగ్ల వైద్యుడు ఇరవయ్యేళ్ళు తర్జనభర్జన పడి 1814లో అదే పద్ధతిలో శస్త్రచికిత్స చేశాడు. అక్కడినుంచి ఆ విద్య జర్మనీకి పోయింది. బెర్లిన్‌లో ముక్కులు కట్టడంలో పేరు పొందిన డీఫెన్‌బాహ్ 1830లలో హైపోస్పేడియాస్ మీద కూడా చేయి చేసుకున్నాడు గాని ఫలితం అంతంత మాత్రమే. 1846లో ఈథర్ మత్తు, 1867లో లిస్టర్ క్రిమినాశక పద్ధతి వచ్చాకనే ఈ పనికి నేల గట్టిపడింది.

1874లో పారిస్ శస్త్రవైద్యుడు సిమోన్ ద్యుప్లే తన పద్ధతిని ప్రకటించాడు. అంతకు కొద్దికాలం ముందే, 1869లో, జర్మనీలో కార్ల్ టీర్ష్ దీనికి తలక్రిందులైన లోపానికి, అంటే ద్వారం పైభాగాన తెరుచుకునే స్థితికి, ఇటువంటి పద్ధతినే చెప్పి ఉన్నాడు. ద్యుప్లే ముందుగా వంపును సరిచేశాడు. గాయం మానాక అడుగుభాగపు చర్మాన్ని రెండువైపులా గీసి, ఒక గొట్టం చుట్టూ చుట్టి కుట్టి, కొత్త మార్గాన్ని ఏర్పరచాడు. ఆ తరువాత పాత ద్వారాన్నీ కొత్త మార్గాన్నీ కలిపాడు. అంటే తల్లిగర్భం మధ్యలో ఆపిన కుట్టును తన సూదితో కొనసాగించాడు. దశల మధ్య నెలల తరబడి నిరీక్షణ. ఒక్కొక్క పిల్లవాడి బాల్యంలో మూడు నాలుగేళ్ళు ఆస్పత్రికీ ఇంటికీ మధ్య గడిచిపోయేవి.

అటుపై ఒక శతాబ్దం పాటు ప్రయోగాల వరద. నేటివరకు వెలువడిన పద్ధతులు మూడు వందలకు పైమాటే అంటారు. ఒకే జబ్బుకు మూడు వందల చికిత్సలు ఉన్నాయంటే ఏ ఒక్కటీ పూర్తిగా కుదరలేదని అర్థం. కుట్టు నిలవక మధ్యలో రంధ్రం పడేది. కొత్త మార్గం కుంచించుకుపోయేది. ఇరవయ్యవ శతాబ్ది తొలినాళ్ళలో కొందరు బీజకోశపు తిత్తి చర్మంతో మార్గాన్ని కట్టారు. ఆ చర్మం వదులుగా, సమృద్ధిగా దొరుకుతుంది. చిన్నపిల్లవాడిలో నునుపుగానూ ఉంటుంది. పిల్లవాడు ఇంటికి వెళ్ళాడు, వైద్యుడు విజయమని రాసుకున్నాడు. పది పన్నెండేళ్ళ తరువాత యౌవనం వచ్చింది. తిత్తి చర్మానికి సహజమైన వెంట్రుకలు మూత్రమార్గం లోపల మొలిచాయి. వాటి చుట్టూ రాళ్ళు పేరుకున్నాయి, చీము చేరింది. పసివాడి దేహం మీద చేసే శస్త్రచికిత్సకు అసలైన పరీక్షాఫలితం ఇరవయ్యేళ్ళకు గాని రాదు. అప్పటికి వైద్యుడు పదవీ విరమణ చేసి ఉంటాడు.

లండన్‌లోని గ్రేట్ ఆర్మండ్ స్ట్రీట్ పిల్లల ఆస్పత్రిలో పనిచేసిన డెనిస్ బ్రౌన్ 1949లో మరొక దారి చూపాడు. చర్మాన్ని పూర్తి గొట్టంగా చుట్టనక్కరలేదు, ఒక పట్టీని లోపల ఉంచి పైన మూసివేస్తే అంచుల నుంచి పొర పెరిగి దానంతట అదే గొట్టమవుతుందన్నాడు. కొంతకాలం అది లోకమంతా వాడుకైంది. ఇందులోనూ రంధ్రాలు, కుంచించుకుపోవడం తప్పలేదు. కాని దేహం తనంతట తాను పూడ్చుకోగలదన్న మాట మాత్రం నిలిచింది.

ఇన్ని విఫలయత్నాల తరువాత మిగిలిన యువకులకు శస్త్రవైద్యులు పెట్టిన పేరు మరీ ఘోరం. హైపోస్పేడియాస్ వికలాంగులు అన్నారు. వారిని అలా చేసినది పుట్టుక కాదు, వరుస శస్త్రచికిత్సలు. అయినా పేరులో నింద మాత్రం జబ్బు మీదనే ఉన్నది.

ఆగ్రా నుంచి ఒక అడుగు

ఈ చరిత్రలో మన దేశపు పేరు 1971లో వినిపిస్తుంది. ఆగ్రా వైద్య కళాశాలకు చెందిన హరిశంకర్ అసోపా, ఆయన సహచరులు, ముందరి చర్మంతోనే గొట్టాన్ని తయారుచేసి ఒకే దశలో లోపాన్ని సరిదిద్దే పద్ధతిని ఒక అంతర్జాతీయ పత్రికలో ప్రకటించారు. పైభాగాన ముసుగులాగా పోగుపడిన చర్మం ఉన్నది చూశారా, దాని లోపలి పొర పలుచన, వెంట్రుకలు లేనిది, తడికి ఓర్చేది. దానిని రక్తనాళాలతో సహా అడుగుకు తిప్పి మార్గంగా మలిచారు. అడుగున లోటైనది పైన మిగులుగా ఉన్నది, ఆ మిగులుతోనే లోటును పూడ్చారు. ఫిలడెల్ఫియాకు చెందిన జాన్ డకెట్ 1980లో ఇదే సూత్రాన్ని మరింత మెరుగుపరచి ప్రచారంలోకి తెచ్చాడు. ఈ విద్య ఒక ప్రత్యేక శాస్త్రమన్నంతగా పెరిగిందని దానికి హైపోస్పేడియాలజీ అని పేరు పెట్టినది కూడా ఆయనే. వంపు పూర్తిగా పోయిందో లేదో శస్త్రచికిత్స బల్ల మీదనే ఉప్పునీటితో పరీక్షించి చూసుకునే ఉపాయం 1974లో వచ్చింది. అంతకుముందు అది వైద్యుడి కంటి అంచనా మాత్రమే.

అసోపా పద్ధతిలో తల్లిదండ్రులు తప్పక తెలుసుకోవలసిన పాఠం ఒకటున్నది. ఈ లోపం ఉన్న బిడ్డకు సున్తీ చేయించరాదు. ఆచారం పేరిట గాని, శుభ్రత పేరిట గాని ఆ చర్మాన్ని తీసివేస్తే, రేపు వైద్యుడి చేతికి అందవలసిన గుడ్డముక్కను ఈనాడే చెత్తబుట్టలో పారవేసినట్టు. ఆ చర్మం దొరకనప్పుడు బుగ్గ లోపలి పొరను వాడుతారు. ఆ ఉపాయాన్ని 1941లోనే ఇంగ్లండులో హంబీ చెప్పినా, అర్ధశతాబ్దం దాకా ఎవరూ పట్టించుకోలేదు.

1994లో అమెరికాకు చెందిన వారెన్ స్నాడ్‌గ్రాస్ ప్రకటించిన పద్ధతి చూడడానికి అతి సామాన్యం. ద్వారం నుంచి కొస వరకు గాడిలాగా మిగిలి ఉన్న కణజాలాన్ని పూర్వం చాలామంది పనికిరాదని తీసివేసేవారు. ఆయన దానిని అలాగే ఉంచి, నడుమ నిలువుగా ఒక్క గాటు పెట్టాడు. ఇరుకైన పట్టీ వెడల్పయింది. దానినే గొట్టంగా చుట్టి కుట్టాడు. నడుమ గాటు దానంతట అది మానింది. కొసకు దగ్గరగా ఉన్న లోపాలకు నేడు లోకంలో అత్యధికంగా వాడుకలో ఉన్నది ఈ పద్ధతే. కంటికి భూతద్దాలు, వెంట్రుక కన్న సన్నని దారం, పసిపిల్లలకు సురక్షితమైన మత్తు, ఇవన్నీ తోడైనాయి. అనుకూలమైన వయసు ఆరు నెలల నుంచి ఏడాదిన్నర వరకు అని ఇప్పుడు సాధారణంగా చెబుతారు. బిడ్డ జ్ఞాపకాలలో ఆస్పత్రి మిగలకూడదన్నది ఒక కారణం. బడి వయసుకు మొండిగోడ దగ్గర వరుసలో నిలబడగలగాలన్నది మరొకటి.

చేతివేళ్ళు, క్రోమోజోములు

ఇంతదాకా కత్తి కథ. కత్తికి ముందు నిర్ణయం ఉన్నది. ఈ లోపాన్ని కనిపెట్టడానికి యంత్రాలు అక్కరలేదు, పురిటి గదిలో వెలుతురూ శ్రద్ధా చాలు. కాని చూసిన తరువాత చేయవలసినది మరొకటున్నది. రెండు వృషణాలూ తిత్తిలో చేతికి తగులుతున్నాయా అని తడిమి చూడాలి. తగిలితే చాలావరకు ఇది స్థానికమైన లోపమే. రెండూ తగలకపోతే మాత్రం, పుట్టినది మగబిడ్డ అని ప్రకటించడానికి ముందే ఆగాలి.

ఎందుకో చెబుతాను. అడ్రినల్ గ్రంథులలో పుట్టుకతో వచ్చే ఒక ఎంజైము లోపం వల్ల, గర్భాశయమూ అండాశయాలూ ఉన్న ఆడశిశువు బాహ్యాంగాలు మగశిశువువలె కనిపించవచ్చు. చూసినవారు వృషణాలు దిగని, హైపోస్పేడియాస్ ఉన్న మగబిడ్డ అనుకుంటారు. ఈ లోపం తీవ్రంగా ఉన్న శిశువుల ఒంట్లో ఉప్పు నిలవదు. మొదటి రెండు మూడు వారాలలోనే వాంతులు, నీరసం, చివరకు మరణం. 1950లో అమెరికాలో లాసన్ విల్కిన్స్, ఫ్రెడరిక్ బార్టర్ మొదలైనవారు కార్టిజోన్‌తో ఈ పిల్లలను నిలబెట్టవచ్చని చూపించారు. నేడు ఒక రక్తపరీక్షతో జబ్బు బయటపడుతుంది, చవకైన మాత్రలతో ప్రాణం దక్కుతుంది. తడిమి చూడని ఒక్క క్షణం ఖరీదు ఒక ప్రాణం కావచ్చును.

నిర్ణయానికి తోడైన మరి రెండు మైలురాళ్ళు ప్రయోగశాలల నుంచి వచ్చాయి. 1949లో కెనడాలో మరీ బార్, బెర్‌ట్రమ్ అనేవారు పిల్లి నాడీకణాలను చూస్తూ, ఆడపిల్లుల కణాలలో మాత్రమే కనిపించే ఒక చిన్న చుక్కను గుర్తించారు. 1956లో టియో, లెవాన్ మనిషికి నలభై ఆరు క్రోమోజోములని తేల్చారు. 1974లో డొమినికన్ రిపబ్లిక్‌లోని ఒక పల్లెలో ఆడపిల్లలుగా పెరిగి యౌవనంలో మగవారిగా మారిన పిల్లల కుటుంబాలను ఇంపెరాటో మెగిన్లీ బృందం పరిశీలించింది. టెస్టోస్టిరోన్‌ను మరింత బలమైన రూపానికి మార్చే ఎంజైము లోపమే కారణమని ప్రకటించింది. ఆ పల్లెవారికి ఈ పిల్లలు విడ్డూరం కాదు. వారికి తమ భాషలో ఒక పేరు పెట్టుకుని, తమలో ఒకరిగానే ఉంచుకున్నారు.

నిర్ణయించేది ఎవరు?

ఇక ఈ చరిత్రలో చీకటి అధ్యాయం. చేయగలిగిన నేర్పు పెరిగినకొద్దీ చేసి తీరాలన్న తొందర కూడా పెరిగింది. 1950లలో జాన్స్ హాప్కిన్స్‌కు చెందిన మనస్తత్వవేత్త జాన్ మనీ, బిడ్డ ఆడా మగా అన్న భావన పెంపకంతో ఏర్పడుతుందనీ, తొలినాళ్ళలోనే రూపాన్ని సరిదిద్ది ఒక దారిన పెంచితే ఏ చిక్కూ ఉండదనీ ప్రచారం చేశాడు. ఆయన చూపిన గొప్ప ఉదాహరణ కెనడాలో 1965లో పుట్టిన కవలలలో ఒకడైన డేవిడ్ రైమర్. 1966లో సున్తీ సమయంలో జరిగిన ప్రమాదంలో అవయవం కోల్పోయిన ఆ బిడ్డను మనీ సలహాతో ఆడపిల్లగా పెంచారు. ప్రయోగం ఫలించిందని గ్రంథాలు రాశాయి. బిడ్డ మాత్రం ఏనాడూ దానిని ఒప్పుకోలేదు. పద్నాలుగవ ఏట నిజం తెలిసి మగవాడిగా బతకసాగాడు. 1997లో డైమండ్, సిగ్మండ్‌సన్ అసలు సంగతి ప్రచురించారు. 2004లో రైమర్ ఆత్మహత్య చేసుకున్నాడు. అతనికి పుట్టుకతో ఏ లోపమూ లేదు. అయినా అతని పేరిట నిలబెట్టిన సిద్ధాంతం ఆధారంగా, లింగనిర్ణయం సందిగ్ధంగా ఉన్న శిశువులెందరికో చెప్పాపెట్టకుండా శస్త్రచికిత్సలు జరిగిపోయాయి. పెద్దయ్యాక వారికి తమ కాగితాలు చూసుకునే వీలు కూడా లేకపోయింది.

ఆ పిల్లలే పెద్దవారై 1993లో అమెరికాలో ఒక సంఘంగా ఏర్పడి ప్రశ్నించారు. 2006లో వెలువడిన చికాగో ఏకాభిప్రాయ పత్రం వైద్యుల భాషను మార్చింది. పాత అవమానకరమైన పేర్లు పోయాయి. దాపరికం తప్పన్నది, రూపం కోసం మాత్రమే చేసే చికిత్సలలో జాగ్రత్త కోరింది. 2015లో మాల్టా ఇటువంటి శస్త్రచికిత్సలను చట్టరీత్యా నిషేధించింది. 2019 ఏప్రిల్‌లో మద్రాసు హైకోర్టు మదురై ధర్మాసనం, ఒక వివాహ నమోదు వ్యాజ్యంలో తీర్పు చెబుతూ, అంతర్లింగ శిశువులకు లింగాన్ని స్థిరపరచే శస్త్రచికిత్సలు చేయరాదని ఆదేశించింది. అదే ఏడాది ఆగస్టులో తమిళనాడు ప్రభుత్వం, ప్రాణాపాయం ఉన్నప్పుడు తప్ప వాటిని నిషేధిస్తూ ఉత్తర్వు ఇచ్చింది.

సాధారణమైన హైపోస్పేడియాస్ ఈ నిషేధపు గీతకు ఎటువైపు ఉంటుందన్న చర్చ ఇంకా నడుస్తూనే ఉన్నది. ఆ చర్చకు 1995లో వెలువడిన ఒక జర్మన్ పరిశీలన ఉపకరిస్తుంది. ఐదువందల మంది పురుషులను పరీక్షించగా, ద్వారం సరిగ్గా కొసన ఉన్నవారు 55 శాతమే. 13 శాతం మందికి ఏదో ఒక మేరకు హైపోస్పేడియాస్ ఉన్నది. వారిలో చాలామందికి ఆ సంగతే తెలియదు. పెళ్ళిళ్ళయ్యాయి, పిల్లలు పుట్టారు, జీవితం సాగిపోయింది. కొసకు రెండు మిల్లీమీటర్ల దిగువన ఉన్న ద్వారాన్ని జరపడానికి, మాట రాని బిడ్డను బల్ల మీద పడుకోబెట్టడం ఎవరి కోసం? బిడ్డ కోసమా, మన కంటి కోసమా? తీవ్రమైన లోపంలో ఈ సందేహానికి తావు లేదు. వంపు ఉన్నప్పుడు, ద్వారం బాగా వెనుకనున్నప్పుడు, చికిత్స ఆ బిడ్డకు నిజమైన మేలు. తేలికైన దానిలో మాత్రం వేచి చూడడం కూడా ఒక చికిత్సే. సుశ్రుతుడి గొట్టంలో ఉన్న ఓర్పు ఇదే.

మన దగ్గర పరిస్థితి దీనికి వేరు. అతిగా చేయడం కన్నా అసలు చూపించకపోవడమే మన జబ్బు. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ఆరోగ్యశ్రీ పథకంలో పిల్లల శస్త్రచికిత్సల సరసన హైపోస్పేడియాస్‌కు కూడా చోటు దక్కింది. డబ్బు అడ్డు కొంత తొలగింది. సిగ్గు అడ్డును తొలగించే పథకం ఏ ప్రభుత్వమూ పెట్టలేదు. మంత్రసాని చూసి ఊరుకుంటుంది, తల్లి చూసి కొంగు కప్పుతుంది, తండ్రికి చెప్పరు. పెళ్ళి కుదిరిన తరువాత ఏ రాత్రో ఒంటరిగా పట్నం బస్సెక్కే యువకులు ఉన్నారని పిల్లల వైద్యులు చెబుతుంటారు. ఏడాది వయసులో గంటా రెండు గంటలలో ముగిసే పని, ఇరవై అయిదేళ్ళకు ఎన్నో రెట్లు కష్టం. అప్పటికి ఆ ఇరవై నాలుగేళ్ళ మౌనాన్ని కుట్టే సూది ఎవరి దగ్గరా లేదు.

కనుక ఈ వ్యాసం చదివిన వారిలో తల్లిదండ్రులు కాబోతున్నవారు ఉంటే ఒక్క మనవి. బిడ్డ పుట్టగానే వేళ్ళు లెక్కపెట్టినట్టే ఇదీ చూడండి. తేడా కనిపిస్తే పిల్లల శస్త్రవైద్యుడికి చూపించండి. తొందరపడి ఒప్పుకోనక్కరలేదు, భయపడి దాచనక్కరలేదు. ఏమి చేస్తారు, ఎన్ని దశలు, చేయకపోతే ఏమవుతుంది అని మూడు ప్రశ్నలు అడగండి. బిడ్డ పెద్దయ్యాక తనకు జరిగినదంతా తనకు చెప్పండి, కాగితాలు దాచి ఇవ్వండి.

మా బడి వెనుక మొండిగోడ ఇప్పుడు లేదు. ప్రహరీ కట్టారు, మరుగుదొడ్లు కట్టారు, తలుపులు కూడా పెట్టారు. కిందటిసారి ఊరికి పోయినప్పుడు నా మిత్రుడు బస్సు దిగే చోట ఎదురయ్యాడు. ఎప్పుడొచ్చావని అడిగాడు. పిల్లలెంతమంది అని నేను అడగలేదు, వాడూ చెప్పలేదు. పెట్టిన పేరుకు క్షమించమని అడగాలని చాలాసేపు అనుకున్నాను. వానలు ఎలా ఉన్నాయని అడిగి వచ్చేశాను.